పులికాట్ రాజహంసల పంచాంగం: చలి కాదు, నీటి లోతు

క్లుప్తంగా

తిరుపతి జిల్లా తూర్పు అంచున ఉన్న పులికాట్ సరస్సులో చలికాలం కనిపించే పెద్ద రాజహంసలు (ఫ్లెమింగోలు) సైబీరియా నుంచి వస్తాయన్న మాట బాగా పాతుకుపోయింది. నిజానికి మన దేశంలో వాటి ప్రధాన పుట్టిల్లు గుజరాత్‌లోని కచ్ రణ్. దగ్గరలోని నేలపట్టు పక్షుల కేంద్రంలో చెట్ల మీద గూళ్లు కట్టేవి కూడా ఇవి కావు. ఇవి ఒక ఏడాది వేలల్లో కనిపించి మరుసటి ఏడాది పలుచబడడానికి కారణం చలిలో దొరకదు. సరస్సులో నీరు ఎంత లోతుంది, ఎంత ఉప్పగా ఉంది, అదే సమయంలో కచ్‌లో వాన ఎలా పడింది అన్నవే ఆ లెక్కను తేలుస్తాయి.

కొండల జిల్లాకు సరస్సు కలిసింది

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం మండలాలు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. అప్పటిదాకా ఏడుకొండలు, శేషాచలం అడవి, ఎర్రచందనం అని చెప్పుకున్న ప్రాంతానికి సముద్రతీరంతో పాటు పులికాట్ కూడా చేరింది. సముద్రపు నీరు, నదుల నీరు కలిసే సరస్సుల్లో దేశంలో చిలికా తర్వాత పెద్దది ఇదే. 2025 జనవరి 18 నుంచి 20 వరకు ఇక్కడ జరిగిన ఫ్లెమింగో పండుగకు తిరుపతి, శ్రీకాళహస్తి, చిత్తూరు వైపు నుంచి కూడా కుటుంబాలు తరలివెళ్లాయి.

అలా వెళ్లినవారిలో చాలామంది రెండు సందేహాలతో తిరిగి వస్తారు. నేలపట్టులో చెట్ల నిండా పక్షులున్నాయి కానీ ఫొటోల్లో చూసిన గులాబీ పక్షి ఏదీ అన్నది మొదటిది. సరస్సులో దూరంగా కనిపించినవి తెల్లగా ఉన్నాయే, అవి రాజహంసలేనా అన్నది రెండోది. రెండూ న్యాయమైన సందేహాలే. పండుగ బ్యానర్ల మీద అన్ని పక్షులనూ ఒకే చెట్టు కింద కూర్చోబెట్టడం వల్ల వచ్చిన గందరగోళం ఇది.

పేరులోనే ఉన్న చిక్కు

ఫ్లెమింగోను తెలుగు పత్రికలు రాజహంస అంటాయి. పురాణాల్లో మానస సరోవరానికి ఎగిరిపోయే హంస ఏ పక్షి అన్నదానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. అయితే అమరకోశం రాజహంసకు చెప్పిన గుర్తులు ఒళ్లు తెలుపు, ముక్కూ కాళ్లూ ఎరుపు. పులికాట్ నీళ్లలో నిలబడిన పక్షికి ఈ వర్ణన అంతగా అమరుతుంది కాబట్టి, తెలుగు పేరు గాలిలోంచి పుట్టిందని కొట్టిపారేయలేం.

శాస్త్రం మాత్రం దీన్ని హంసలకూ బాతులకూ దూరంగా ఉంచింది. కాళ్లు చూసి కొంగల సరసన, ముక్కు చూసి బాతుల సరసన చేర్చిన కాలం ఒకటుండేది. జన్యు పరీక్షలు వచ్చాక దీని అతి దగ్గర చుట్టం మునుగుడు కోడి అని తేలింది. ఊరి చెరువులో బుడుంగున మునిగి మరోచోట తేలే గుప్పెడంత పక్షి అది. మనిషి భుజం దాకా వచ్చే రాజహంసకూ దానికీ ఒకే పూర్వీకులంటే మొదట నమ్మబుద్ధి కాదు.

ప్రపంచంలో ఆరు రకాల రాజహంసలున్నాయి. భారతదేశంలో కనిపించేవి రెండు, పెద్ద రాజహంస, చిన్న రాజహంస. పులికాట్‌లో ప్రధానంగా చూసేది మొదటిదాన్నే. దీని శాస్త్రీయ నామం ఫీనికాప్టెరస్ రోజియస్. నిలువెత్తు 110 నుంచి 150 సెంటీమీటర్లు, బరువు రెండు నుంచి నాలుగు కిలోలు. ముక్కు లేత గులాబీ రంగులో ఉండి కొసన మాత్రమే నల్లగా ఉంటుంది. చిన్న రాజహంస పొట్టిది, దాని ముక్కు ముదురు ఎరుపు. దూరం నుంచి రెండింటినీ వేరు చేయడానికి ముక్కే సులువైన గుర్తు.

సైబీరియా మాట ఎక్కడిది?

పులికాట్‌కు చలికాలంలో చేరే పక్షుల్లో ఉత్తర ఆసియా నుంచి వచ్చేవి నిజంగానే ఉన్నాయి. సూదితోక బాతులు, రకరకాల ఉల్లంకి పిట్టలు అక్కడి మంచు నేలల్లో గుడ్లు పెట్టి, చలి ముదరగానే దక్షిణానికి దిగుతాయి. అవీ రాజహంసలూ ఒకే సరస్సులో, ఒకే నెలల్లో కనిపిస్తాయి. పక్కపక్కన ఉన్నవాటన్నిటికీ ఒకే ఊరు అంటగట్టడం వార్తల్లో అలవాటైపోయింది.

పెద్ద రాజహంస గుడ్లు పెట్టే చోట్లలో బాగా ఉత్తరాన ఉన్నది కజకిస్తాన్‌లోని తెంగిజ్ సరస్సు. అక్కడి పక్షులు చలికాలంలో ఎక్కువగా కాస్పియన్ తీరాలకు, ఇరాన్ వైపుకు దిగుతాయి. ఇరాన్‌లోని ఉర్మియా సరస్సులో కాళ్లకు ఉంగరాలు తొడిగిన రాజహంసలు భారత ఉపఖండంలో దొరికిన దాఖలాలున్నాయి. కాబట్టి మన గుంపుల్లో పశ్చిమాసియా అతిథులు కొన్ని ఉండవచ్చు. కానీ దేశంలోనే లక్షల పక్షులకు సరిపడే పుట్టిల్లు ఉండగా, మూలం కోసం సైబీరియా దాకా పోవాల్సిన పని లేదు.

ఇది ఊరి పేరు సరిదిద్దడంతో ముగిసే విషయం కూడా కాదు. సైబీరియా పక్షి అంటే దాని రాకపోకలు చలిని బట్టి, నెలను బట్టి జరుగుతాయని అర్థం. చలి వచ్చినా పక్షి రాకపోతే ఉత్తరాన ఏదో జరిగిందని చేతులు దులుపుకోవచ్చు. రాజహంస ఆ కోవకు చెందదు. దాన్ని కదిలించేది నీరు. ఎక్కడ నీరు సరైన లోతులో నిలిస్తే అక్కడికి వెళ్తుంది, లోతు మారితే లేచిపోతుంది. అందుకే పులికాట్‌లో అది తగ్గినప్పుడు ముందుగా చూడాల్సింది పులికాట్‌నే.

కచ్‌లో మట్టి గూళ్ల ఊరు

గుజరాత్ పెద్ద రణ్ వేసవిలో ఉప్పు పేరుకున్న ఎడారి. నైరుతి వానలు బాగా పడిన ఏడాది అదే నేల మీద పలుచని నీటి పొర పరుచుకుంటుంది. నడిమధ్యన నక్కలూ కుక్కలూ చేరలేని చోట రాజహంసలు బురదను ముక్కుతో పోగుచేసి, బుట్టను బోర్లించినట్టు గూళ్లు కడతాయి. ఒక్కొక్కటి జానెడు నుంచి మూరెడు ఎత్తు. పైన చిన్న గుంట, అందులో ఒకే ఒక్క గుడ్డు. ఎత్తుగా కట్టడం వల్ల నీరు కొంచెం పెరిగినా గుడ్డు మునగదు, ఉప్పు నేల వేడి కూడా నేరుగా తగలదు.

1945లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ అక్కడికి చేరుకుని లక్షకు పైగా గూళ్లు ఉన్నట్టు అంచనా వేశారు. ఫ్లెమింగో నగరం అన్న పేరు అలా స్థిరపడింది. గుజరాత్ ఈ పక్షిని రాష్ట్ర పక్షిగా పెట్టుకోవడానికి నేపథ్యం ఇదే.

గుడ్డును తల్లీ తండ్రీ వంతులవారీగా నెల రోజుల దాకా పొదుగుతారు. పుట్టిన పిల్ల బూడిద రంగులో, మామూలు పిట్ట పిల్లలా తిన్నని ముక్కుతో ఉంటుంది. ముక్కు వంపు తిరగడానికి వారాలు పడుతుంది, వంపు తిరిగేదాకా అది సొంతంగా తినలేదు. అందాకా తల్లిదండ్రులిద్దరూ తమ గొంతు సంచి గోడల్లో ఊరే పాలవంటి ద్రవాన్ని చుక్కలు చుక్కలుగా దాని నోట్లో వేస్తారు. ఆ ద్రవం ఎర్రగా ఉంటుంది. చూసినవారు రక్తం తాగిస్తోందనుకుంటారు. అది తల్లిదండ్రుల ఒంటి రంగు. పిల్లను పెంచే రోజుల్లో వాటి ఈకలు పాలిపోవడం ఆ ఖర్చు వల్లనే. కొన్ని రోజులయ్యాక పిల్లలన్నీ వందలు, వేలుగా ఒకచోట చేరతాయి. అంత గుంపులో తన పిల్లను గొంతు బట్టి పోల్చుకుని దానికే తినిపిస్తుంది తల్లి. పిల్ల ఎగరడానికి రెండు నుంచి మూడు నెలలు.

నైరుతి ముఖం చాటేస్తే రణ్‌లో నీరు నిలవదు. ఆ ఏడాది గూళ్లే ఉండవు. పిల్లలు పెద్దవి కాకముందే నీరు ఎండిపోతే గూళ్లను వదిలి పెద్దవి వెళ్లిపోతాయి. ఏడాదికి ఒక్క గుడ్డు, అదీ ప్రతి ఏడాదీ కాదు. ఈ లోటును దీర్ఘాయువు పూడుస్తుంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ జూలో ఉన్న ఒక పెద్ద రాజహంస 2014లో చనిపోయేనాటికి దాని వయసు కనీసం 83 ఏళ్లు. అడవిలో అంత ఆయువు ఉండకపోయినా మూడు నాలుగు దశాబ్దాలు బతకడం వింత కాదు.

ఈ లెక్కకు ఒక పర్యవసానం ఉంది. ఒక్క ఏడాది గూళ్లు విఫలమైతే జాతికి పెద్ద దెబ్బ కాదు. ఎదిగిన పక్షులు చనిపోతేనే దెబ్బ, అది తెలిసేదీ ఏళ్ల తర్వాతే. గుంపులో తలలు తగ్గలేదు కదా అని నిశ్చింతగా ఉండడానికి వీల్లేనిది అందుకే.

నేలపట్టు చెట్టు, పులికాట్ బురద

దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు మంచినీటి చెరువు. నీళ్లలో నిలబడి పెరిగే నీటి కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతాయి. వాటికి కావలసింది చేపలూ, నత్తలూ, ఎత్తైన కొమ్మా. రాజహంసకు కొమ్మతో పని లేదు. దాని వేళ్ల మధ్య పొర ఉంటుంది, వెనక వేలు నామమాత్రం, చెట్టు మీద వాలి పట్టు బిగించే పాదం కాదది. చెట్ల నీడలో కూడా ఉండదు. నలుదిక్కులా ఎవరు వస్తున్నారో కనిపించే బయలు కావాలి దానికి.

ఆ బయలు పులికాట్‌లో దొరుకుతుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మీదుగా వెళ్లే రోడ్డులో అటకానితిప్ప దాటాక ఇరువైపులా పలుచని నీరు కనుచూపు మేర పరుచుకుని ఉంటుంది. రాజహంసల కోసం వెళ్లేవారు చూడాల్సింది ఈ వైపు. రెండు ఆశ్రయాలనూ 1976లోనే పక్షుల సంరక్షణ కేంద్రాలుగా ప్రకటించారు. దారిలో ఇరవై నిమిషాల తేడా ఉన్నా, బతుకు తీరులో అవి రెండు వేర్వేరు లోకాలు.

తలకిందుల ముక్కు

పాలను నీటిని వేరు చేసే హంస కథ మనకు తెలిసిందే. ఆ కథలోని పక్షి ఏదైనా, ఆ పని నిజంగా చేసే పక్షి రాజహంస. పాల బదులు బురదనీటిలోంచి ఆహారాన్ని వేరు చేస్తుంది.

అది తినేటప్పుడు తల పూర్తిగా తిరగబడుతుంది. పై దవడ కిందికి, కింది దవడ పైకి వస్తాయి. మిగతా పక్షుల్లో బరువైన భాగం పై దవడ. ఇక్కడ కింది దవడ లోతైన దోనెలా పెద్దగా ఉండి, పై దవడ పలుచని మూతలా దాని మీద అమరుతుంది. ఆ మూత కదులుతుంది. ముక్కు మధ్యలో ఎందుకు వంగిందంటే, తిన్నని ముక్కును తెరిస్తే మొదట్లో ఇరుకు, చివర్లో వెడల్పు. వంగిన ముక్కును కొంచెం తెరిస్తే సందు మొదటి నుంచి చివరిదాకా దాదాపు ఒకే వెడల్పులో ఉంటుంది. జల్లెడకు కన్నాలన్నీ ఒకే కొలతలో ఉండాలి కదా, ఇదీ అంతే.

ముక్కు అంచుల లోపల దువ్వెన పళ్లలాంటి సన్నని పొరలు వరుసగా ఉంటాయి. లావాటి నాలుక ఆ దోనెలో చేతిపంపు కడ్డీలా ముందుకూ వెనక్కూ సెకనుకు నాలుగైదు సార్లు ఆడుతుంది. వెనక్కి లాగినప్పుడు నీరు లోపలికి, ముందుకు తోసినప్పుడు బయటికి. చిన్న రొయ్యల జాతి ప్రాణులు, దోమ జాతి పురుగుల లార్వాలు, పిల్ల నత్తలు, నీటి మొక్కల గింజలు పళ్లలో చిక్కుకుంటాయి. చిన్న రాజహంస పళ్లు ఇంకా సన్నం, దాని నాలుక ఇంకా వేగం. కంటికి కనిపించని నాచును పట్టగలదది. అందువల్ల రెండూ ఒకే నీటిలో పక్కపక్కన తిన్నా ఒకదాని కూడు ఒకటి లాక్కోదు.

2025లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన ఈ చిత్రానికి కొత్త సంగతి చేర్చింది. చిలీ జాతి రాజహంసలను గమనించిన ఆ శాస్త్రవేత్తలు, ఈ పక్షి నీరు వడకట్టడంతోనే ఊరుకోదని చూపారు. అడుగున పెట్టిన తలను అది వేగంగా పైకి లాగితే నీటిలో చిన్న సుడి లేస్తుంది. పాదాలతో తొక్కడం వల్ల మరిన్ని సుడులు పుడతాయి. పారిపోగల చురుకైన ప్రాణులు సైతం ఆ సుడుల్లో చిక్కి ముక్కు ముందుకు వచ్చి పడతాయి.

పెద్ద రాజహంస తొక్కుడుకు ఆనవాళ్లు నేల మీద కూడా మిగులుతాయి. ముక్కును ఒకచోట ఉంచి, దాని చుట్టూ అడుగులు వేస్తూ బురదను తొక్కుతుంది. నీరు తగ్గిపోయాక ఆ చోట మధ్యలో చిన్న దిబ్బ, చుట్టూ గాడి, గారె ఆకారంలో గుర్తు కనిపిస్తుంది. బురద మీద అలాంటి వలయాలు వరుసగా ఉంటే, పక్షి లేకపోయినా అక్కడ మొన్నటిదాకా అది మేసిందని చెప్పవచ్చు.

రంగు కూడు నుంచి వస్తుంది

క్యారెట్‌కు, గుడ్డు పచ్చసొనకు రంగునిచ్చే కెరోటినాయిడ్ల కుటుంబమే రాజహంసకూ రంగునిస్తుంది. నాచు తయారుచేసిన ఆ పదార్థం నాచు తిన్న రొయ్యలోకి, రొయ్యను తిన్న పక్షిలోకి చేరుతుంది. కాలేయం దాన్ని మార్చి ఈకలకూ కాళ్లకూ పంపుతుంది. జూలలో మామూలు మేత పెట్టినప్పుడు ఈకలు రాలి కొత్తవి వచ్చేకొద్దీ పక్షి తెల్లబడింది. అప్పటి నుంచి మేతలో ఈ పదార్థాలు కలుపుతున్నారు. జత కట్టే కాలంలో పెద్ద రాజహంసలు తోక దగ్గరి గ్రంథిలో ఊరే రంగు కలిసిన నూనెను మెడ ఈకలకు రుద్దుకుంటాయని స్పెయిన్‌లో జరిగిన పరిశోధనలో తేలింది. ముస్తాబు అన్న మాట దానికి చక్కగా సరిపోతుంది.

ఫొటోల్లోని ముదురు గులాబీ పక్షి చాలాసార్లు అమెరికా ఖండాల జాతి. మన పెద్ద రాజహంస రెక్కలు ముడుచుకుని నిలబడితే తెలుపు మీద లేత గులాబీ నీడ మాత్రమే. అసలు రంగు రెక్క విప్పినప్పుడు బయటపడుతుంది, ముందు సగం కుంకుమ ఎరుపు, వెనక సగం కాటుక నలుపు. అది చూడాలని రాళ్లు వేసి, కేకలు పెట్టి గుంపును లేపేవారున్నారు. బరువైన ఈ పక్షి నీటి మీద పరుగెత్తి గానీ గాలిలోకి లేవలేదు. లేచిన ప్రతిసారీ మేత కాలమూ, పోగుచేసుకున్న కొవ్వూ కరుగుతాయి. ఆ కొవ్వే తిరుగు ప్రయాణానికి దారిబత్తెం.

ఒంటికాలి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2017లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, చనిపోయిన రాజహంసను సైతం ఒంటికాలి మీద సరైన భంగిమలో నిలబెట్టవచ్చు, రెండు కాళ్ల మీద సాధ్యం కాదు. ఒంటికాలి భంగిమలో కీళ్లు వాటంతటవే బరువును మోస్తాయి, కండరాలకు పెద్దగా శ్రమ ఉండదు. ఒక కాలిని ఈకల్లో దాచడం వల్ల ఒంటి వేడి కూడా ఆదా అవుతుంది. వెనక్కి వంగినట్టు కనిపించే కీలు మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పొట్ట ఈకల్లో దాగి ఉంటుంది.

జానెడు నీటి లెక్క

పులికాట్ పొడవు సుమారు 60 కిలోమీటర్లు, ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, దక్షిణపు కొస తమిళనాడులో. ఇంత పెద్ద సరస్సుకు సగటు లోతు మీటరు మాత్రమే. అడుగు పళ్లెంలా చదును. రాజహంసకు మేతకు అనువైన లోతు జానెడు నుంచి మూరెడు. ఇంకా లోతుంటే ఈదగలదు, బాతులా తల ముంచి తోక పైకెత్తి తినగలదు, కానీ అది శ్రమతో కూడిన మేత.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు సరస్సును నింపుతాయి. ఆ తర్వాత నీరు తీస్తూ పోతుంది. అడుగు చదును కావడంతో మట్టం నాలుగు వేళ్లు తగ్గినా ఎంతో మేర నేల బయటపడుతుంది. జానెడు లోతున్న పట్టీ రోజురోజుకూ గట్టు నుంచి నడిమికి జరుగుతుంది. రాజహంసల గుంపు ఆ పట్టీతో పాటు జరుగుతుంది. జనవరిలో రోడ్డు పక్కనే కనిపించినవి ఫిబ్రవరిలో చుక్కల్లా దూరంగా కనిపించడానికి కారణం ఇదే. అవి వెళ్లిపోలేదు, నీటి వెంట నడిచాయి.

ఇక్కడి నుంచి లెక్క రెండు వైపులా తప్పవచ్చు. ఈశాన్యం చాలకపోతే ఉత్తరపు సరస్సు త్వరగా ఎండి ఉప్పు పొడితో తెల్లబడుతుంది, పక్షికి చోటుండదు. వరుస తుపానులతో నిండిపోతే లోతు ఎక్కువై, నదుల మంచినీటితో ఉప్పదనం పడిపోతుంది. అప్పుడు కూడా పక్షులు తక్కువే. వానలు బాగా పడ్డాయి, అయినా రాజహంసలు రాలేదేమిటి అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు మొదటి సగంలోనే ఉంటుంది. నీరు దిగేదాకా ఆగితే పక్షులు వస్తాయి. పండుగ తేదీలు మాత్రం ఆగవు.

మరో తూకం కచ్‌లో ఉంది. సూటి గీత గీస్తే రణ్ నుంచి సూళ్లూరుపేటకు దాదాపు 1,500 కిలోమీటర్లు. రాత్రివేళ గంటకు 50, 60 కిలోమీటర్ల వేగంతో ఎగిరే పక్షికి అది కొన్ని రాత్రుల దూరం. రణ్ నిండిన ఏడాది ఈడొచ్చిన పక్షులు అక్కడే గూళ్లలో ఉండిపోవచ్చు. రణ్ ఎండిన ఏడాది అవి దేశమంతటా చెదిరి, తూర్పు తీరానికీ రావచ్చు. పులికాట్‌లో గుంపు పెరగడం ఒక్కోసారి గుజరాత్‌లో గూళ్లు లేకపోవడానికి గుర్తు కావచ్చు. ఇంకా ఈడుకు రాని పక్షులకు గూటి తొందర ఉండదు. వేసవి మొదలయ్యాక కూడా పులికాట్‌లో కొన్ని గుంపులు మిగలడానికి ఇదొక కారణం.

మొగ పూడితే, ఏరు ఎండితే

సరస్సుకు సముద్రంతో సంబంధం మొగల ద్వారానే, అంటే సరస్సు సముద్రంలోకి తెరుచుకునే చోట్ల ద్వారానే. దక్షిణాన తమిళనాడు వైపు పళవేర్కాడు దగ్గర ఒకటి, ఉత్తరాన వాకాడు వైపు రాయదొరువు, తూపిలిపాళెం దగ్గర మిగతావి. తూర్పు తీరం వెంబడి అలలు ఇసుకను ఎప్పుడూ మోసుకుపోతుంటాయి. మొగ ముందు అది మేట వేస్తుంది. లోపలి నుంచి ఏటి నీరు ఉరవడిగా వస్తే ఆ మేటను కోసుకుని బయటికి పోతుంది. ఉరవడి తగ్గితే మేట గెలుస్తుంది. ఉత్తరపు మొగలు పూడిపోవడం మత్స్యకారుల పాత గోడు. మొగ పూడితే రొయ్య పిల్ల, చేప పిల్ల సముద్రం నుంచి లోపలికి రావు, వలలో ఏమీ పడదు. రాజహంసకు కావలసిన సన్న ప్రాణులు కూడా ఆ నీటి కలయిక మీదే ఆధారపడ్డాయి. మత్స్యకారుడి గోడూ, పక్షి గోడూ ఇక్కడ ఒకటే.

సరస్సును నింపేవి ప్రధానంగా మూడు నదులు, దక్షిణాన అరణి, వాయవ్యాన కాళంగి, ఉత్తరాన స్వర్ణముఖి. అరణి నీటికి పిచ్చాటూరు దగ్గర జలాశయం ఉంది. స్వర్ణముఖిలో కలిసే కళ్యాణీ వాగుకు చంద్రగిరి దగ్గర డ్యామ్ ఉంది, తిరుపతికి తాగునీరు ఇస్తుంది. శ్రీకాళహస్తి గుడి పక్కన ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకగా కనిపించే ఏరు కూడా అదే స్వర్ణముఖి. తాగునీటికీ సాగునీటికీ కట్టిన వాటిని తప్పుపట్టే అవసరం లేదు. కానీ కొండ మీద కురిసిన వానకూ, అటకానితిప్ప దగ్గర పక్షి కాలి లోతుకూ మధ్య ఉన్న దారి ఇదేనని మరచిపోవడం పొరపాటు. శ్రీహరికోట రోడ్డు సరస్సును అడ్డంగా చీల్చింది కనుక, దాని కింది తూములు పూడకుండా ఉండడం కూడా ఈ లెక్కలో భాగమే.

నదుల నీరు పూర్తిగా ఆగితే ఏమవుతుందో ఉర్మియా చూపింది. ప్రపంచంలోని పెద్ద ఉప్పు సరస్సుల్లో ఒకటైన అది డ్యాములు, బోరుబావులు, కరువుల వల్ల మూడు దశాబ్దాల్లో చాలా భాగం ఎండిపోయింది. ఉప్పు ముదిరితే రాజహంస తట్టుకోగలదు, ముక్కు దగ్గరి గ్రంథులతో మిగులు ఉప్పును బయటికి నెట్టగలదు. దాని కూడైన ఉప్పునీటి రొయ్య మాత్రం ఒక హద్దు దాటితే బతకలేదు. దక్షిణ ఫ్రాన్స్‌లోని కమార్గ్‌లో కథ మరోలా నడిచింది. అక్కడ ఉప్పు మడుల మధ్య 1970లో రాజహంసల కోసం మట్టితో ఒక దీవి కట్టారు, 1974 నుంచి అవి అందులో గూళ్లు పెట్టాయి. ఉప్పు తయారీ కోసం నీటి మట్టాన్ని మనుషులే అదుపులో ఉంచడం పక్షులకు కలిసొచ్చింది. ముంబయి పక్కన థానే క్రీక్‌లో చిన్న రాజహంసలు పెరగడానికి మురుగుతో బలిసిన నాచు ఒక కారణమని పరిశోధకులు చెబుతారు. పక్షులు పెరిగాయంటే నీరు బాగుందని ఎక్కడైనా అనేయడం కుదరదని ఆ ఉదాహరణ చెబుతుంది.

తలల లెక్కను ఎలా చదవాలి

పెద్ద రాజహంస ప్రస్తుతం అంతరించే ప్రమాదంలో లేదు. ప్రపంచంలో వీటి సంఖ్య 5.5 లక్షల నుంచి 6.8 లక్షల మధ్య ఉంటుందని అంచనా. చిన్న రాజహంస పరిస్థితి అంత భరోసాగా లేదు. మన దేశంలో ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో వీటినీ లెక్కపెడతారు. అయితే రెండు రాష్ట్రాల్లో పరచుకున్న సరస్సులో, రాత్రికి రాత్రి చోటు మార్చే పక్షిని ఒక రోజు లెక్కపెడితే వచ్చే అంకె ఆ రోజుకు సంబంధించినదే. నిరుటి అంకె పక్కన ఈ ఏటి అంకె పెట్టి తగ్గాయి, పెరిగాయి అనడం తొందరపాటు. అంకె పక్కన ఆ రోజు నీటి మట్టం, ఉప్పదనం కూడా రాసిపెడితే పదేళ్లకు అది నమ్మదగిన చరిత్ర అవుతుంది. అవి లేని అంకెలు ఎన్ని పోగైనా ప్రయోజనం తక్కువ.

సాధారణ సందర్శకుడు కూడా చూడగలిగిన కొలత ఒకటుంది. దుర్భిణి ఉంటే గుంపులో బూడిద రంగు పక్షులను వెతకాలి. రాజహంసకు పూర్తి రంగు రావడానికి మూడేళ్లకు పైనే పడుతుంది. అందాకా ఒళ్లు మట్టి మరకలు పడ్డట్టు, కాళ్లు నల్లగా, ముక్కు మసకగా ఉంటాయి. వందకు ఇలాంటివి పదీ ఇరవై ఉంటే, ఒకటి రెండేళ్ల కిందట రణ్‌లో వాన నిలిచి గూళ్లు ఫలించాయని అర్థం. ఒక్కటీ కనిపించకపోతే ఆ ఏళ్లలో అక్కడ నీరు నిలిచి ఉండకపోవచ్చు, లేదా ఆ పిల్లలు మరో తీరంలో మేస్తూ ఉండవచ్చు. ఏది నిజమో కచ్ వానల లెక్క తీసి చూస్తే తెలుస్తుంది.